దున్న కన్ను కడుక్కునే వేళ

హస్త కార్తె, తుపాకీ వచ్చిన రోజు

ఆయుధం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు దాని సంగతులు రాసిపెట్టాలని మా ఊరు ఎర్రబోడులో కట్టడి. నా తర్వాత పట్టేవాళ్ళు నేను చేసిన తప్పులే మళ్ళీ చెయ్యకూడదట. కొత్తవి చేసుకోవచ్చు. నా పేరు నూకరత్నం. నిన్నటిదాకా నా చేతిలో ఉన్నది వడిసెల. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలడం నా పని. నేను రాయి విసిరితే చిలక ఎగురుతుంది గానీ కంకి రాలదు, అందుకని ఊరంతా ఏకమై ఈ తుపాకీ నాకు అంటగట్టారు. రాయికీ తూటాకీ చుట్టరికం ఏమిటో వాళ్ళకే తెలియాలి.

దీన్ని తెచ్చింది మా ఊరి ఎర్రునాయుడు. తన కోడెల జత తోలుకెళ్ళి, ఇనుము కరిగించేవాళ్ళ కొండ దగ్గర ఇచ్చి, భుజాన దీన్ని వేసుకుని నడిచొచ్చాడు. ఒంటిగుండు తుపాకీ. నడుం దగ్గర విరిస్తే గొట్టం తెరుచుకుంటుంది. ఒక తూటా పెట్టి మూసి పేల్చాలి. మళ్ళీ విరిచి ఖాళీ గుల్ల లాగితే గానీ ఇంకోటి పెట్టడానికి లేదు. తూటాలు కూడా చిన్న సంచిలో సగానికే ఉన్నాయి. కోడెలు పోయిన బాధ ఎర్రునాయుడి ముఖంలో ఇంకా ఉంది, తుపాకీని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.

ఇదంతా కోతదున్న కోసం. పల్లంలో పొలాలు వదిలేసి మనుషులు పోయినా యంత్రాలు మాత్రం పని మానలేదు. వాటికి ఆగమని చెప్పేవాడు లేడు. కోతదున్న మా గాదెకన్నా ఎత్తుంటుంది, ఎండ తాగి బతుకుతుంది, కంకి కనబడితే కోసి పొట్టలో పోసుకుంటుంది. దానికి మనిషీ మొక్కా ఒకటే. నిరుడు పాత ఘాట్ రోడ్డు పట్టుకుని మా కొండెక్కింది. గోతులు తవ్వితే పూడ్చుకుని వచ్చింది. సగం చేను పోయింది.

గాదెలో గింజ గీత దాకా రాకపోతే ఒక ఇల్లు ఊరు వదలాలి. కొండల మీద అన్ని ఊళ్ళదీ ఇదే కట్టడి, ఇళ్ళకి వంతు ఉంటుంది. నిరుడు వెళ్ళినవాళ్ళ కబురు ఇంతవరకూ లేదు. ఈ ఏడు వంతు నా చెల్లెలు మంగతాయి ఇంటిది.

హస్త కార్తె, మొదటి తూటాలు

కొత్త తుపాకీని కొత్త కోడెలాగే మెల్లగా మచ్చిక చేసుకోవాలని ఇనుము కొండవాళ్ళు చెప్పి పంపారు. ఒకటి పేల్చి గొట్టం తుడవాలి, చల్లారనిచ్చి ఇంకోటి పేల్చాలి. గొట్టం లోపలి గరుకు అలా అరిగి నునుపెక్కుతుందట. సరేనని బండమీద ఎండు ఆనపబుర్ర పెట్టి గురి చూశాను.

టిక్కుమంది. అంతే. పేలలేదు. వెంటనే విరిచి చూడకు, లోపల నిప్పు నిద్రపోతూ ఉండొచ్చని ఎర్రునాయుడు చెప్పాడు. అలాగే బుర్రవైపు గురిపెట్టుకుని భుజం నొప్పెట్టేదాకా కూర్చున్నాను. తర్వాత తీసి చూస్తే తూటా అడుగున చిన్న చుక్క, దోమ కుట్టినంత. కొట్టే ముల్లు గట్టిగా కొట్టడం లేదన్నమాట. ముల్లు బయటికి లాగితే చుట్టూ పాత కొవ్వు గడ్డకట్టి ఉంది. ఇనుము కొండవాళ్ళ దుకాణంలో అమ్ముడుపోక ఎన్నేళ్ళు పడుందో ఏమో.

వేడినీళ్ళకి కరగలేదు. ఇప్పసారా పోస్తే కరిగింది. ఎర్రునాయుడు తుపాకీ వైపు అసూయగా చూశాడు. అది తాగినంత తాగాక తూటా పేలింది, బుర్ర పగిలింది, నా భుజం కూడా పగిలిందనుకున్నాను. మంగతాయి పిల్లలు బుర్ర ముక్కలు ఏరుకోడానికి పరిగెత్తారు.

హస్త పోయే రోజులు

రెండో రోగం బయటపడింది. పేలిన గుల్ల గొట్టంలో ఇరుక్కుపోతోంది. గోరుతో లాగితే రాదు, ముందునుంచి వెదురుపుల్లతో పొడవాలి. ఇలాగైతే దున్న వచ్చి, కోసి, సుఖంగా వెళ్ళిపోయేదాకా నేను పుల్లతో పొడుస్తూ ఉంటాను.

ఖాళీ గుల్లకి మసి పూసి లోపలికి దోసి తీస్తే ఒకచోట గీత పడింది. గొట్టం మొదట్లో చిన్న గరుకు నిలిచింది, చిటికెనవేలు పెడితే తగులుతోంది. మెత్తని బూడిద నూనెలో కలిపి, గుడ్డ పుల్లకి చుట్టి ఓపిగ్గా తిప్పాను. ఎక్కువ తిప్పితే గొట్టం పాడు, తక్కువ తిప్పితే పని కాదు. గుల్ల ఇప్పుడు దానంతటదే జారి వస్తోంది. పొద్దున్న కొట్టినా సాయంత్రం కొట్టినా బుర్ర తగులుతోంది. నాకు దీనిమీద ఇష్టం మొదలైంది, ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

చిత్త కార్తె, దసరా

పనిముట్లన్నీ గాదె ముందు పరిచాం. నాగళ్ళు, కొడవళ్ళు, చేటలు, ఈసారి వాటి నడుమ తుపాకీ. మా ఊళ్ళో తోరం కట్టే పద్ధతి ఇలా ఉంటుంది: ఒక్కో ఇంటినుంచి ఒక్కో పసుపు పోగు వస్తుంది, ఎవరి పోగు వాళ్ళు ముడేస్తారు. పోగు ఉన్నన్నాళ్ళూ ఆ పనిముట్టులో ఆ ఇంటికి వాటా. ఇల్లు ఊరు వదిలితే పోగు తీసేస్తారు. నిరుడు నాగలి మీంచి పోగు తీసినప్పుడు ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సన్యాసమ్మ పెద్దమ్మ ఊళ్ళోకెల్లా పెద్దది, తోరాలు ఆవిడ చేతిమీదుగానే జరుగుతాయి. తుపాకీకి ఎడమచెయ్యి పట్టేచోట గొట్టాన్నీ కింది కర్రనీ కలిపి పోగులు చుట్టించింది. ఊరందరి పోగులూ పడేసరికి మణికట్టంత పట్టీ అయింది. జారిపోకుండా ముడులమీద లక్క కూడా వేయించింది. మంగతాయి తన పోగు ముడేసి, కళ్ళకద్దుకుని, పక్కకి వెళ్ళింది. నాకు ముచ్చటా వేసింది, ఏడుపూ వచ్చింది.

చిత్త కురిస్తే చింతలు కాస్తాయంటారు. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి, అందరూ సంతోషించారు.

స్వాతి కార్తె

ఇంక సాధన పొద్దున్నే చెయ్యాలి. దున్న సంగతి నిరుడు మంచెమీంచి చూసి పెట్టుకున్నాను. పొద్దుగూకితే ఎక్కడిది అక్కడ ఆగిపోతుంది. మళ్ళీ వెలుగు రాగానే మొదట చేసే పని కన్ను కడుక్కోవడం. నుదుటిమీద ఇనుపరెప్ప లేస్తుంది, అరచేతంత గాజుకన్ను బయటపడుతుంది, దానిమీద నీళ్ళు చిమ్ముకుని తుడుచుకుంటుంది. మిగతా రోజంతా ఆ కన్ను జల్లెడ వెనకాలే. పెద్ద చప్పుడైతే రెప్ప టక్కున మూసుకుంటుంది. అంటే దొరికేది ఆ కాసేపే, పేల్చేది ఒక్కసారే. కన్ను పోతే దున్న అడుగు తీసి అడుగు వెయ్యదు, అది దాని నైజం.

మంచులో బండమీద పడుకుని కొట్టాను. తగల్లేదు. బుర్రకి జానెడు కింద మట్టి లేచింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ కొట్టాను. అంతే, జానెడు కింద. మర్నాడు పైకి గురిపెడితే పైనుంచి పోయింది, ఆ రోజు మంచు తక్కువ. ఎటు నమ్మాలో తెలియలేదు.

మధ్యాహ్నం ఎర్రునాయుడు తుపాకీ తీసుకుని ఒక్క దెబ్బతో బుర్ర పగలగొట్టాడు. జనం ముందు. ఇక చూడండి. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని నా వెనకాల నవ్వారు. నవ్వనివాళ్ళేమీ నయం కాదు, జాలిపడ్డారు. సొంత చెల్లెలి వంతు కదా, చెయ్యి వణకదా అన్నారు.

విశాఖ కార్తె మొదట్లో

నా చెయ్యి వణుకుతోందేమోనని నాకే అనుమానం పట్టుకుంది. నీళ్ళచెంబు చాచిన చేతిమీద పెట్టుకుని నిలబడ్డాను. ఒక్క చుక్క ఒలకలేదు. వెలుగు చాలడం లేదేమోననుకుని ఇంకాస్త పొద్దెక్కాక కొట్టాను. చలికి ఇనుము ముడుచుకుంటోందేమోనని గొట్టాన్ని కంబళిలో చుట్టి పడుకోబెట్టాను. ఏదీ కాదు. ప్రతి తెల్లవారీ ఒక తూటా తినేస్తోంది, సంచి తేలికవుతోంది. తుపాకీ ఎర్రునాయుడికి ఇచ్చెయ్యమని పెద్దలు మెల్లగా అడిగారు. ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. పొద్దున్న కొట్టి చూపించమన్నాను. కొట్టాడు, జానెడు కింద మట్టి లేచింది. అతని వంతూ అయ్యాక నవ్వులాగిపోయాయి. నవ్వు పోయినచోట భయం వచ్చింది.

మంగతాయి కోడిపెట్టను పక్కింటికి ఇచ్చేసిందని తెలిసింది. తిరగలి ఎవరికి ఇవ్వాలో అడుగుతోందట. వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టాను. దున్న ఇంకా రాలేదు, గాదె ఇంకా నిండలేదు, అప్పుడే పెళ్ళిపందిరి విప్పుతున్నావేమిటన్నాను. అది కోప్పడలేదు. తిరగలి నాకే ఇస్తానంది. ఇంటికొచ్చి ఏడ్చాను.

విశాఖ కార్తె, నులకమంచం

పొద్దున్నే మంగతాయి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ మంచం వాకిట్లోనే మంచుకి తడుస్తోంది. దానిమీద కూలబడ్డాను. బల్లమీద కూర్చున్నంత గట్టిగా ఉంది. ఈ మంచం సంగతి నాకు తెలుసు. నిన్న మధ్యాహ్నం ఇదే మంచంలో కూర్చుంటే నడుం నేలకి తగిలింది. మంగతాయి మొగుడు, మా మరిది గవరయ్యని అడిగితే, నులక మంచుకి నాని బిగుసుకుంటుందని, ఎండెక్కితే వదులవుతుందని, అది చిన్నపిల్లలకి కూడా తెలుసని చెప్పాడు.

తెలుసు. అందరికీ తెలుసు. పరుగెత్తుకెళ్ళి తుపాకీ తీసి చూశాను. తోరంలో ఊరందరి పోగులు, అన్నీ నూలు, అన్నీ గొట్టాన్ని కర్రకేసి కట్టినవి. మంచుకి బిగుస్తున్నాయి, గొట్టాన్ని వెంట్రుకవాసి కిందికి లాగుతున్నాయి. ఇక్కడ వెంట్రుకవాసి అంటే అక్కడ జానెడు. లక్క ఉన్నందున జారనైనా జారవు. దసరాకి ముందు పొద్దున్న కొట్టినా తగిలింది కదా అని అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాను.

కారణం దొరికిందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పోగు తియ్యాలంటే ఎవరికి చెప్పాలి?

అదే రోజు, గాదె దగ్గర

అందరినీ పిలిచి మంచం సంగతి, తోరం సంగతి చెప్పాను. తోరం మెత్తబడేలా కుంకుడునీళ్ళు పోస్తే సరి అన్నారొకరు. ఎండబెట్టి గుడ్డ చుడదామన్నారు ఇంకొకరు. మంచులో ఎంతసేపు పడుకోవాలో నాకు తెలుసు, గుడ్డ ఆగదన్నాను. తియ్యాల్సిందే అన్నాను. సన్యాసమ్మ పెద్దమ్మ అడ్డుపడింది.

"పోగు తీసీడమంటే ఇల్లు తీసీడమే. ఇనుపముక్క కోసం ఊరందర్నీ ఊరొదిలి పొమ్మంటావేటే నూకరత్నం?"

 ఆవిడ అన్నది తప్పని నాకూ అనిపించలేదు. నా తాతల పేరు మీద కూడా అందులో ఒక పోగుంది, దాన్ని తెంపాలంటే నా చెయ్యీ రాదు.

మంగతాయి వెనకనుంచి ముందుకొచ్చి తుపాకీ ముందు కూర్చుంది.

"మా పోగు ఈయేడు ఎలాగూ తీసీదే గదా పెద్దమ్మా. ఎవులో తీసీకన్నా నా సేత్తో నాను తీసుకుంటాను."

గోళ్ళతో లక్క గీకింది. ముడి రాకపోతే పళ్ళతో పట్టి లాగింది. దాని పెదవి చీరుకుని రక్తం వచ్చింది, ఆపలేదు. పోగు ఊడొచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అరచేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. 

తర్వాత గవరయ్య అన్నగారి ఇల్లు వచ్చింది. తర్వాత ఎర్రునాయుడు. అలా ఒక్కొక్క ఇల్లూ వచ్చి తన ముడి తను విప్పుకుంది. సన్యాసమ్మ పెద్దమ్మ ఆఖర్న లేచింది. చూపు ఆనడం లేదు, నా పోగు నువ్వే ఇప్పీ అని నాతో అంది. విప్పాను. ఆవిడ అందరి చేతుల్లోంచీ పోగులు తీసుకుని కొంగున ముడేసుకుంది. ఇళ్ళన్నీ నా కొంగులో ఉన్నాయి, ఇంకెవరూ ఎక్కడికీ పోలేదు, ఇళ్ళకి పొండి అంది.

విశాఖ చివర

సంచిలో రెండు తూటాలే మిగిలాయి. తోరం లేని తుపాకీ కొత్త తుపాకీ కింద లెక్క, గురి మళ్ళీ చూసుకోవాలి. కానీ రెండూ బుర్రమీద కొట్టేస్తే దున్నకేం మిగలదు. పొద్దున్నే, మంచు బాగా కురిసిన రోజు చూసుకుని ఒకటి కొట్టాను. బుర్ర నడిమధ్యలో చిల్లు పడింది. ఎర్రునాయుడు రెండోది కూడా కొట్టి నమ్మకం చేసుకుందామన్నాడు. నమ్మకం ఉంటే ఉంది లేకపోతే లేదు, తూటా మాత్రం ఒకటేనని చెప్పాను.

అనూరాధ కార్తె

నిన్న సాయంత్రం ఘాట్ రోడ్డు మలుపు దగ్గర దున్న కనబడింది. పొద్దుగూకేసరికి అక్కడే ఆగింది. వెలుగు రాకముందే ఎర్రునాయుడూ నేనూ మలుపు పైనున్న బండ వెనక పడుకున్నాం. కింద జొన్న కంకులు బరువుగా వంగి ఉన్నాయి. ఈ ఏటి పంట బాగుంది. అందుకే భయం ఎక్కువైంది.

రాయాల్సింది నిజం కాబట్టి రాస్తున్నాను: నా చెయ్యి ఆ రోజు నిజంగానే వణికింది. మంగతాయి నెత్తిన మూట పెట్టుకుని పిల్లల్ని నడిపించుకుపోతున్నట్టు కళ్ళముందు కనబడింది, ఎంత తోసినా పోలేదు. ఎర్రునాయుడు నా వీపుమీద చెయ్యి వేసి ఉంచాడు. దానికి నేను రుణపడి ఉన్నాను.

వెలుగు మలుపుమీద పడింది. దున్న ఒళ్ళంతా ఒకసారి గరగరమంది. రెప్ప లేచింది. నీళ్ళు చిమ్మాయి. నీళ్ళలో గురి చెదురుతుందని ఆగాను. తుడుపు ఒకసారి అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. గాజు శుభ్రంగా, నావైపే చూస్తూ మెరిసింది. ఊపిరి సగం వదిలి మీట నొక్కాను.

పొగ పోయేసరికి రెప్ప సగంలో ఆగి ఉంది. దాని కింద గాజు లేదు. దున్న ఒకసారి ముందుకి ఊగి నిలబడిపోయింది. నీళ్ళు మాత్రం కారుతూనే ఉన్నాయి. ఏడుస్తోందని ఎర్రునాయుడు అన్నాడు. తొట్టి ఖాళీ అయ్యేదాకా కారతాయి, అంతే అన్నాను. అలా అని నేనే ఏడ్చాను.

అదే రోజు, ఎండెక్కాక

ఊరంతా మలుపు దగ్గరికి దిగొచ్చారు. పిల్లలు దున్న కాళ్ళమీదకెక్కి దిగారు. గవరయ్య పొట్ట కింద గడియ కనిపెట్టి తీశాడు. గింజ జరజరమని రోడ్డుమీద పోసుకుంది. కుప్ప పెరుగుతుంటే అందరూ ఈలలు వేశారు. మన పంట మన చేలోనే నిలిచి ఉంది, ఇది దానిమీద అదనం. గాదె గీత దాటి పొంగుతుంది, రెండేళ్ళదాకా ఎవరి వంతూ రాదు.

నేనూ రెండు గుప్పిళ్ళు ఎత్తి చూశాను. ఎర్రజొన్న. పూర్తిగా ఎండలేదు, పాలవాసన ఇంకా పోలేదు. మేం వేసేది తెల్లజొన్న. ఎర్రజొన్న వేసేది ఏటికి అవతలి ఊరు తేనెలబంద వాళ్ళొక్కరే. వాళ్ళ దగ్గర తుపాకీ లేదు.

ఈలలు ఒక్కొక్కటే ఆగాయి. దున్న తెచ్చిందే గానీ మనం దొంగిలించలేదు కదా అని ఎవరో అన్నారు. అది అబద్ధం కాదు. నేను కూడా ఒక క్షణం ఆ మాట పట్టుకుని వేళ్ళాడాను, ఎందుకంటే నా చెల్లెలు నా పక్కనే నిలబడి ఉంది. ఈ కుప్ప గాదెలో పడితే అది ఇంకో రెండేళ్ళు నా పక్కనే ఉండొచ్చు.

మంగతాయి బస్తా నోరు తెరిచి గింజ ఎత్తడం మొదలుపెట్టింది. నిండాక మూతి కట్టి, నెత్తికెత్తమని గవరయ్యతో అంది. ఎక్కడికే అని అడిగాను.

"ఆల ఊర్లో ఇప్పుడు వంతు ఎవులదో అప్పా," అంది.

తుపాకీని బండకి ఆనించి నేనూ ఒక బస్తా ఎత్తుకున్నాను. తర్వాత ఎవరెవరు ఎత్తుకున్నారో వెనక్కి తిరిగి చూడలేదు గానీ, దిగుతున్న అడుగుల చప్పుడు చాలానే వినబడింది.

అనూరాధ, ఏటి ఒడ్డు

ఏరు మోకాలి లోతుంది. మేం ఇవతల దిగుతుంటే అవతలి ఒడ్డున ఒక ఇల్లు దిగుతోంది. ముందు ఒకతను, భుజాన మడిచిన మంచం. వెనక ఒకావిడ నెత్తిన మూట, చంకలో చంటిది, పక్కన ఇంకో పిల్ల రోకలి ఈడ్చుకుంటూ వస్తోంది. వాళ్ళని సాగనంపడానికి ఎవరూ రాలేదు. సాగనంపే ముఖం ఎవరికుంటుంది?

ఏటి మధ్యలో ఎదురుపడ్డాం. బస్తాలతో వస్తున్న ఇంతమందిని చూసి అతను భయపడి పక్కకి జరిగాడు. మంగతాయి ఆగింది. నెత్తిమీది బస్తా దించడానికి అక్కడ నీళ్ళు తప్ప చోటు లేదు, అలాగే నిలబడి ఆవిడతో మాట్లాడింది.

"మా ఊర్లో ఈయేడు వంతు నాదమ్మా. నానెల్లనేదు. నువ్వూ ఎనక్కి నడు."

ఆవిడకి అర్థం కాలేదు. మా ముఖాలవంక, బస్తాలవంక మార్చి మార్చి చూసింది. నేను నా బస్తా భుజానికి దించి మూతి విప్పాను. ఆవిడ చెయ్యి పెట్టి గింజ తీసి చూసింది, నోట్లో వేసుకుని కొరికింది. తమ చేలో గింజ తనకి తెలియకుండా ఎలా ఉంటుంది? చాలాసేపు నములుతూనే నిలబడింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తర్వాత చంటిదాన్ని ఇంకో చంకలోకి మార్చుకుని, పిల్ల చేతిలో రోకలి తనే అందుకుని, దారి చూపిస్తూ మా ముందు వెనక్కి నడిచింది.